ఆదివారం ప్లే ఆఫ్

పోయిన వారం కెరోలిన్‌ను ఆమె గుమాస్తాగా పనిచేసే నల్లవాగు గని టైమాఫీసు మెట్ల మీద, చేతిలో తడిసిన సర్క్యులర్‌తో వదిలి వచ్చాం. ఎనిమిది గనుల ఫుట్‌బాల్ లీగ్ అప్పటికే ముగిసింది. నాలుగు నెలలు, పద్నాలుగు ఆటలు. నల్లవాగు ఒక్కటి కూడా ఓడలేదు. పాయింట్ల పట్టిక రాసేది కెరోలినే. ఆఖరి గీత కొట్టిన రోజే ఇంటికి ఫోన్ చేసి, "బాపూ, తమ్ముడు పైకొచ్చిండు" అని చెప్పేసింది కూడా.

ఆమె చెప్పింది పట్టికలో పైకి రావడం గురించి కాదు. కప్పు గెలిచిన జట్టును ఆ ఏడాదంతా సర్ఫేస్ డ్యూటీలో, అంటే గని బయటి పనుల్లో ఉంచడం ఇక్కడి ఆనవాయితీ. ఏరియా పోటీలకు సాధన చేసుకోవాలని ఆ వెసులుబాటు. కెరోలిన్ తమ్ముడు జాన్ ప్రసాద్ ఆ జట్టుకు ఫార్వర్డ్. గనిలో మాత్రం నాలుగో డిస్ట్రిక్ట్ అనే భాగంలో పైకప్పు కింద ఆసరాలు కట్టే సపోర్ట్‌మన్. ముసురు పట్టినప్పటి నుంచి ఆ పైకప్పు పలుకుతోంది. రాయి లోపల రాయి ఒరుసుకునే సన్నటి చప్పుడు అది. విన్నవాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా చెవి పైకే పెట్టి ఉంటాడు. జాన్ అట్లా కూర్చోవడం కెరోలిన్ నెల రోజులుగా చూస్తోంది.

అప్పుడొచ్చింది సర్క్యులర్. లీగ్‌తో కప్పు తేలదట. మొదటి నాలుగు జట్లకు ప్లే ఆఫ్. సెమీఫైనల్ బుధవారం గడిచింది. ఇక మిగిలింది ఎర్రగుట్ట గని జట్టుతో ఫైనల్. ఎర్రగుట్ట పట్టికలో నాలుగోది, పద్నాలుగింటిలో ఆరు ఓడినది.

శనివారం పదకొండు గంటలకు కెరోలిన్ పట్టిక కాగితం మడిచి పట్టుకుని స్పోర్ట్స్ ఆఫీసర్ రఘుపతి గదికి బయల్దేరింది. వెంట జట్టు కెప్టెన్ ఉపేందర్ ఉన్నాడు. గోల్ కాసేది అతనే. గనిలో బొగ్గు తొట్లను లాగే హాలర్ నడుపుతాడు. మనిషి తలుపంత వెడల్పు, మాట మాత్రం తక్కువ.

"నువ్వే మాట్లాడు చెల్లే. ఆఫీసర్ల ముందట నాకు నాలుక తిరగది."

"గోల్‌పోస్టు ముందట అందరినీ తిడ్తవు గదనే."

"గక్కడ వాళ్లు నా దిక్కు ఉరికొస్తరు. ఇక్కడ నేను పోవాలె. గది తేడా."

రఘుపతి జామకాయ కోసి ఉప్పుకారం అద్దుకుంటున్నాడు. బల్ల మీది అద్దం కింద పాత జట్ల ఫోటోలు వరుసగా ఉన్నాయి. కొన్నిట్లో ముఖాలు తేమకు చెదిరిపోయి చొక్కాలు మాత్రమే మిగిలాయి. చెరొక ముక్క ఇచ్చి కూర్చోమన్నాడు. కెరోలిన్ ముక్క చేతిలో పట్టుకుంది కానీ తినలేదు.

"సార్, మాకూ ఎర్రగుట్టకూ నడుమ పదహారు పాయింట్లు ఉన్నయి. రేపు తొంబై నిమిషాలల్ల అవి ఎటు పోతయి?"

"ఎటూ పోవమ్మా. పట్టికలోనే ఉంటాయి. లీగ్‌లో ప్రథమ స్థానం అని సర్టిఫికెట్ కూడా ఇస్తున్నాం."

"సర్టిఫికెట్‌తోని మా తమ్ముడు పైకి రాడు సార్."

రఘుపతి నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు. అలవాటైన నవ్వు.

"కొత్తగూడెంలో పదేళ్లు జట్టు నడిపాను. నాకు తెలిసింది చెప్తా, విను. ఎవరు ఎక్కువ రోజులు బాగున్నారో లీగ్ చెప్తుంది. ఎవరు గెలవగలరో చెప్పదు. ఎదురుగా కప్పు, చుట్టూ జనం, మళ్లీ రేపు లేదు అన్నప్పుడు ఎవడి కాళ్లు వణకవో వాడే ఛాంపియన్. అది ఆఖరి ఆటలోనే తెలుస్తుంది."

"గట్లయితె నాలుగు నెలలు ఆడిచ్చుడెందుకు సార్? ఒక్క ఆదివారం పెట్టుకుంటె అయిపోవు." కెరోలిన్ గొంతు పెరగలేదు. ఆమెకు పెంచడం రాదు. "గనిల దిగేటోనికి ఏడాదికి నూటతొంబై రోజులు మస్టర్ పడాలంటరు. ఒక్కటి తక్కువున్నా ఒప్పుకోరు. మస్టర్లు లేనోడొచ్చి, 'సార్, నిన్న ఒక్క రోజు మస్తు చేసిన, నన్ను పర్మినెంట్ చెయ్యి' అంటె చేస్తరా? మరి ఆటకెందుకు వేరే లెక్క?"

ఉపేందర్ కుర్చీలో కదిలాడు. ఆ మాటకు బయట వరండాలో ఉన్న అటెండర్ కూడా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

రఘుపతి కత్తి పక్కన పెట్టాడు. "సరే, లెక్కే చూద్దాం. ఈ వానలకు మిగతా గ్రౌండ్లు మునిగితే పద్నాలుగింట్లో మీరు మీ కాలనీ గ్రౌండ్‌లో ఎన్ని ఆడారు?"

కెరోలిన్‌కు కాగితం విప్పే పని లేదు. పట్టిక రాసింది తనే. "తొమ్మిది."

"ఎర్రగుట్ట వాళ్లు ఓడిన ఆరింట్లో ఎన్నిట్లో పదకొండు మందితో ఆడారు?"

"రెండిట్ల."

"మిగతా నాలుగుసార్లు వాళ్ల షిఫ్టు వదల్లేదు. ఏడుగురు, ఎనిమిదిమంది వచ్చి ఆడి ఓడిపోయారు. ఆ ఓటములతో కలిపే నీ పదహారు పాయింట్లు. మరి ఆ లెక్క న్యాయమా తల్లీ?"

ఆ మాట నిజమే. ఎనిమిదిమందితో వచ్చిన రోజు ఎర్రగుట్ట పిల్లలు ఆట అయ్యాక ఎవరితో మాట్లాడకుండా తడి బట్టలతోనే లారీ ఎక్కిపోవడం ఆమె చూసింది. చూసి, అంకెలు మాత్రం రాసుకుంది. నిజమైన మాటను కాదనడం ఆమెకు చేతకాదు.

"న్యాయం గాదు సార్. అయినా ఒక్క ఆటతోని అదంత సాపు గాదు గద. వాళ్ల నష్టం మేము చేసింది గాదు. మా కష్టమేమో మాదే. పట్టికల మీదున్నోనికి ఏదన్న ఒక్క విలువ ఉండాలె."

"ఏం విలువ కావాలి?"

"డ్రా అయితె కప్పు మాకియ్యాలె. పెనాల్టీలు వద్దు. మమ్మల్ని ఓడగొట్టనోడు మాకంటె పెద్దోడెట్ల అయితడు?"

రఘుపతి పట్టిక కాగితం అందుకుని పై నుంచి కింది దాకా చదివాడు. తర్వాత సర్క్యులర్ ముందుకు లాక్కుని కింద రెండు వరుసలు రాసి సంతకం చేశాడు. డ్రా అయితే కప్పు నల్లవాగుదే.

"కానీ నాదీ ఒక మాట. వాయిదా మాత్రం అడగొద్దు. నాలుగు గంటలకు విజిల్. ఎంతమంది ఉంటే అంతమందితోనే ఆడాలి. ఏడుగురి కంటే తక్కువైతే ఓడినట్టే. ఎర్రగుట్టకు నేను పెట్టిన షరతే మీకూ."

కెరోలిన్ సంతకం చేసింది. ఉపేందర్ వైపు చూసి, "ఇగ గోల్ పడకుంటె చాలు అన్నా" అంది. ఉపేందర్ నవ్వలేదు. రెండు అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, "మొత్తం తెచ్చి నా మీద పెట్టినవు చెల్లే" అన్నాడు. అతని నుదుటి మీద చెమట కనిపించింది. బరువుకు భయపడ్డాడని ఆమె అనుకుంది.

టైమాఫీసుకు తిరిగొచ్చి ఇంగ్లీషు సర్క్యులర్‌ను తెలుగులో రాసి, మస్టర్ కిటికీ పక్కనున్న బోర్డు మీద అంటించింది. అక్షరాలు పెద్దవిగా, దూరానికి కూడా కనిపించేటట్టు రాసింది. "ఆదివారం ప్లే ఆఫ్. అందరూ గమనించగలరు." కింద చిన్న అక్షరాల్లో గ్రౌండు, సమయం, జట్ల పేర్లు.

సాయంత్రం క్వార్టర్‌లో ఆ మాటే నడిచింది. తండ్రి మత్తయి ముప్పై ఏళ్లు గనిలో దిగి, ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నవాడు. ఆ రోజుల్లో అతనూ ఆడినవాడే. కూతురు గెలిచొచ్చిందని సంతోషిస్తాడనుకుంటే పెదవి విరిచాడు.

"డ్రాకు కప్పా? గది కప్పెట్లయితది?"

"నాలుగు నెలల కష్టం బాపూ."

"బిడ్డా, పైకప్పు ఏడాదంత ఆగిందంటె ఎవడన్న మెచ్చుకుంటడా? కూలాల్సిన రోజు ఆగిందా లేదా, గదే అడుగుతరు. ఆట గూడ గంతే."

"నీ పైకప్పు ముచ్చట్లు ఆపు బాపూ," అన్నాడు జాన్ ప్రసాద్ బూట్లకు గ్రీజు రాస్తూ. "అక్క డ్రాకు కప్పు తెచ్చింది. నేను రెండు గోల్స్ కొట్టి ఆ డ్రాను గూడ చెడగొడత. సోమారం సంది ఎండల కూసొని పని చేస్త. నల్లగైతె నన్నేమనొద్దు."

"ఇప్పుడేమన్న ఎర్రగున్నవారా!"

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వి నెల దాటింది. అన్నం తినేటప్పుడు జాన్ పైకి చెవి పెట్టలేదు. కెరోలిన్ అది గమనించి రెండోసారి కూర వేసింది.

ఆదివారం ఆరున్నరకు, ఇంకా చర్చికి తయారుకాకముందే గేటు ముందు మోటార్ సైకిల్ ఆగింది. గని లోపల షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ వేణుమాధవ్. రెయిన్‌కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

"కెరోలిన్ మేడం, బోర్డు మీద నోటీసు రాసింది మీరేనా?"

"నేనే సార్. ఏమైంది?"

"ఏమైందా? నాలుగో డిస్ట్రిక్ట్‌కు పదిమంది సపోర్ట్‌మన్లు ప్లే డేకు రావాలె. ఇద్దరొచ్చిండ్రు. మిగతోళ్లకు ఫోన్ చేస్తె 'ప్లే డే ఆఫ్ అని మీరే బోర్డు మీద రాసిండ్రు గద సార్' అంటున్నరు. ఒకడైతె అత్తగారింటికి జైపూర్ పోయి కూసున్నడు!"

కెరోలిన్ చేయి నోటికి పోయింది. గనిలో ప్లే డే అంటే ఆట కాదు. వారపు సెలవు నాడు వచ్చి చేసే డ్యూటీ. ఎప్పటి నుంచో ఆ బోర్డు మీద శనివారం అంటించేది ఆ డ్యూటీ కబురే. ఆ చోట ఆదివారం పక్కన ప్లే అని కనిపిస్తే కార్మికుడి కంటికి ఇంకోటి తోచదు. పక్కన ఆఫ్ అని ఉంటే డ్యూటీ లేదనే అర్థం. కింది చిన్న అక్షరాల దాకా ఎవరూ చదవలేదు. ఆటగాళ్లకు తప్ప ప్లే ఆఫ్ అనే మాట ఆ గనిలో ఎవరికీ తెలియదు.

మత్తయి మంచం మీద నుంచి గట్టిగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక మళ్లీ నవ్వలేదు. "నాలుగో డిస్ట్రిక్ట్ అంటివా?" అని అడిగాడు.

"అవును కాక. మూడు జాగలల్ల పైకప్పు దిగుతున్నది. ఇయ్యాల ఆసరాలు పెట్టకుంటె రేపు పొద్దటి షిఫ్టుకు ముప్పైమంది దాని కిందికే పోతరు. జాన్, నాలుగు గంటల పని. పన్నెండుకు పైకి పంపిస్త. మాటిస్తున్న."

"మ్యాచ్ ఉన్నోన్ని పిలుస్తరా సార్?" కెరోలిన్ అడ్డం వచ్చింది. "వేరేవాళ్లను చూడుండ్రి."

"చూసిన మేడం. ఇంకిద్దరే దొరికిండ్రు. మీరు రాయకుంటె ఈ బాధ లేకపోవు."

జాన్ అప్పటికే చొక్కా మార్చుకుంటున్నాడు. ఫోను బల్ల మీద పెట్టేశాడు. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు.

"అక్కా, ఆ ముప్పైమందిల మనోళ్లే ఉంటరు. పన్నెండుకు వస్త, తింట, ఒక కునుకు తీస్త, మూడింటికి గ్రౌండ్ల ఉంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

"జల్ది రా తమ్మీ."

మోటార్ సైకిల్ మలుపు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకుని నిలబడింది. మత్తయి ఆ రోజు చర్చికి రానన్నాడు.

పన్నెండు దాటింది. రెండు దాటింది. ఓపెన్‌కాస్ట్ గని బ్లాస్టింగ్‌కు కిటికీ రెక్కలు ఎప్పటిలాగే అదిరి ఆగాయి. జాన్ రాలేదు. వేణుమాధవ్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంటికి రాకుండా నేరుగా గ్రౌండుకే పోయాడేమోనని తమ్ముడి బూట్లు సంచిలో వేసుకుని మూడున్నరకల్లా కాలనీ గ్రౌండు చేరింది.

గ్రౌండు చుట్టూ గొడుగులే. మబ్బు కిందికి దిగి రామగుండం పొగగొట్టాలు సగం వరకే కనిపిస్తున్నాయి. సున్నం గీతలు వానకు కరిగి పాలలా పారుతున్నాయి. ఎర్రగుట్ట జట్టు పదకొండుమందితో వచ్చింది, నలుగురు అదనంగా కూడా. నల్లవాగు వైపు లెక్కపెట్టుకుంది. పదిమంది.

ఉపేందర్ గోల్‌పోస్టు దగ్గర గ్లోవ్స్ తొడుక్కుంటున్నాడు. తల తడిసి ఉంది.

"అన్నా, జాన్ ఇంక రాలే. నీకేమన్న కనబడ్డడా?"

"నేను పొద్దటి సంది ఇల్లు కదల్లే చెల్లే." అతను గ్లోవ్ పట్టీ బిగించుకుంటూనే చెప్పాడు. "గనిల ఆలస్యమై ఉంటది. వస్తడు."

రఘుపతి గడియారం చూపించాడు. "ఫైనలమ్మా. నిన్న నువ్వూ సంతకం చేశావు." ఆ మాటలో కోపం లేదు. కెరోలిన్‌కు అతన్ని తిట్టుకోవడానికి కూడా ఆధారం దొరకలేదు.

గొడుగు ఒక్క పక్కకు వంచి ల్యాంప్ రూంకు ఫోన్ చేసింది. అక్కడ కొమురెల్లి ఉంటాడు. గనిలోకి దిగే ప్రతివాడికీ టోపీ దీపం ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే ముసలాయన. దీపం తిరిగొచ్చిందంటే మనిషి వచ్చినట్టే. గనిలో ఎవరున్నారో, ఎవరు లేరో ఆయన గోడే చెబుతుంది.

"కాకా, నేను కెరోలిన్‌ను. మా జాన్ ఇంక లోపలనే ఉన్నడా?"

"ఎవ్వలు లేరు బిడ్డా. ప్లే డేకు పోయిన ఐదు ల్యాంపులు పన్నెండున్నరకే వచ్చినై. ఓవర్‌మన్ సార్ లెక్క చూసుకొని పోయిండు. గేటుకు తాళం గూడ ఏసిండ్రు."

పన్నెండున్నరకు వచ్చినవాడు ఇంటికి రాకుండా ఎక్కడికి పోతాడు?

"నీతోని ఏమన్న చెప్పిండా కాకా? ఎటు పోతున్న అనన్న?"

ఫోన్‌లో ల్యాంప్ రూం రేకుల మీద వాన చప్పుడు వినిపించింది, తర్వాత కొమురెల్లి గొంతు.

"చెప్పుడేంది బిడ్డా... ల్యాంప్ తెచ్చిచ్చింది జాన్ గాదు. ఎవరి ల్యాంప్ వాళ్లే ఇయ్యాలె, నాకెరుకే. గానీ ఇయ్యాల మ్యాచ్ గదా. జాన్ తానం చేస్తుండు, ఆలస్యమైతదని నేను తెచ్చిన అన్నడు. తెలిసిన మనిషే గదా అని తీసుకొని గోడకు పెట్టిన. తప్పయిందా బిడ్డా?"

"ఎవరు కాకా? ఎవరు తెచ్చిండ్రు?"

"మీ కెప్టెనే. ఉపేందర్."

పొద్దటి నుంచి ఇల్లు కదల్లేదని ఇప్పుడే చెప్పిన మనిషి. గ్రౌండులో ఎవరో డప్పు అందుకున్నారు. కెరోలిన్ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"కాకా, మేనేజర్ సార్‌కు ఫోన్ చెయ్యి. గేటు తీపియ్యి. నాలుగో డిస్ట్రిక్ట్‌ల మనిషి ఉన్నడని చెప్పు."

"ల్యాంప్ గోడకుండంగ మనిషి లోపలున్నడని ఎట్ల చెప్పాలె తల్లీ? రాతల ఎవ్వడు లేడు. నన్నే అడుగుతరు, ఎవరి చేతిలకెళ్లి తీసుకున్నవని."

"నా పేరు చెప్పు. ఉపేందర్ పేరు గూడ చెప్పు. నీ కాళ్లు మొక్కుత కాకా, జల్ది."

"చేస్త బిడ్డా. చేస్తున్న." ఫోను పెట్టేసిన చప్పుడు.

విజిల్ పడింది. నల్లవాగు పదిమందితో మొదలుపెట్టింది. జాన్ ఉండాల్సిన చోట గడ్డి మీద నీళ్లు నిలిచాయి. జనం అప్పుడే "డ్రా చాలు, డ్రా చాలు" అని అరుస్తున్నారు. ఆమె తెచ్చిన రాయితీ అప్పటికే అందరికీ తెలుసు. గోల్ ఒక్కటి పడకుంటే చాలు. కప్పు వస్తుంది. జాన్ ప్రసాద్ పేరు సర్ఫేస్ లిస్టులోకి ఎక్కుతుంది. దానికి ఒక్క మనిషి నిలబడితే చాలు. ఆ మనిషి మూడు కర్రల మధ్య చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఆట ఆపమని తాను లోపలికి ఉరికితే నల్లవాగు ఓడినట్టే. ఉరకకపోతే గనిలో గడిచేది ఎవరి నిమిషాలో.

కెరోలిన్ సున్నం గీత వెంటే నడిచి గోల్‌పోస్టుకు పది అడుగుల దూరంలో ఆగింది. ఉపేందర్ స్నానం చేసి వచ్చాడు, జెర్సీ తెల్లగా ఉంది. కానీ కనురెప్పల అంచున నల్లటి గీత. కాటుక పెట్టుకున్నట్టు. బొగ్గులో దిగిన రోజు ఏ సబ్బుకూ పోని గీత అది. ముప్పై ఏళ్లు తండ్రి కళ్లకు, మూడేళ్లుగా తమ్ముడి కళ్లకు ఆమె చూసింది.

ఎర్రగుట్ట ఫార్వర్డ్ కుడివైపు నుంచి ఒక్కడే దూసుకొచ్చి బలంగా తన్నాడు. జనం ఒక్కసారి లేచి నిలబడ్డారు. బంతి బురద చిమ్ముకుంటూ గోల్ వైపు వస్తోంది.

ఉపేందర్ బంతిని చూడడం లేదు. ఆమె చేతిలోని ఫోను వంక చూస్తున్నాడు.